ఊళ్లో భూమి కౌలుకిచ్చి పట్నంలో ఉంటున్న సాటి పట్టాదారులకు

అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు నమస్కారం.

నేనూ మీలో ఒకణ్ని. నర్సంపేట వైపు ఒక ఊళ్లో నా పేరు మీద మూడెకరాల ఇరవై గుంటల పట్టా ఉంది. హనుమకొండలో ఉంటాను, సర్కారు బడిలో లెక్కలు చెప్తాను. నాగలి పట్టి పాతికేళ్లు దాటింది. నిజం చెప్పాలంటే పట్టిన రోజుల్లో కూడా నా సాలు వంకరగానే పోయేది. ఆ భూమిని మా చిన్నాయన చేస్తున్నాడు. రక్తసంబంధం లేదు, ఊరి వరస. చాలా ఏళ్లుగా ఆయనే మా కౌలుదారు. ఆయనకు సొంతంగా గుంట భూమి లేదు.

ఈ ఉత్తరం మొదట ప్రభుత్వానికే రాద్దామనుకున్నాను. రెండు పేజీలు రాశాను కూడా. కరోనా ఏడాది రైతుల పేరిట వచ్చిన డబ్బులు ఎవరికి చేరాయి, ఎవరికి చేరలేదు అని గట్టిగానే నిలదీశాను. తర్వాత చదువుకుంటే నవ్వొచ్చింది. ఆ డబ్బు తీసుకున్నవాళ్లలో నేనున్నాను. అందుకే ఆ కాగితాలు చింపేసి మీకు రాస్తున్నాను. ఎప్పటి కరోనా, ఇప్పుడెందుకు అంటారేమో. నా వరకు ఆ లెక్క ఇంకా తెగలేదు.

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు కూడా అదే. మా ఊళ్లో కౌలు లెక్కలు ఉగాదికే తేలుతాయి. ఏటా ఆ రోజు చిన్నాయన పొద్దున్నే బస్సెక్కి మా ఇంటికి వచ్చేవాడు. చేతిసంచిలో వేపపువ్వు, నాలుగు మామిడికాయలు, లోపలి జేబులో రబ్బరు బ్యాండు వేసిన నోట్లు. పచ్చడి తిని, నోట్లు బల్ల మీద పెట్టి, "లెక్క వెట్టుకో బిడ్డా" అనేవాడు. నేను ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టేవాణ్ని, లెక్కల మాస్టర్ని కదా. ఆ ఏడాది బస్సుల్లేవు. ఫోన్ వచ్చింది.

"మార్కెట్ బందువెట్టిన్రు బిడ్డా. కాయ కల్లంలనే ఉన్నది. కౌలు పైసలు జర ఆగుతవా?"

"చూద్దాం చిన్నాయనా" అన్నాను.

మూడున్నర ఎకరాలకు ఏడాది కౌలు 50 వేలు. సగం ముందే ఇచ్చాడు. ఉగాదికి ఇవ్వాల్సింది 25 వేలు. రెండెకరాల్లో మిర్చి, ఎకరంన్నరలో యాసంగి వరి. మిర్చి సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, ఊరు విడిచి చాలాకాలమైనవాళ్ల కోసం చెప్తున్నాను. కాయ ఎండాక కల్లంలో ఉన్న ప్రతిరోజూ దండగే. ఎండకు రంగు పోతుంది, రంగు పోతే ధర పోతుంది. ఎండేకొద్దీ తూకం తగ్గుతుంది. సాయంత్రం మబ్బు పడితే పరదాలు కప్పాలి, పొద్దున తీయాలి, కాళ్లతో నెరపాలి. రాత్రి కాపలా పడుకోవాలి. వేసవి గాలిదుమారంలో పరదా ఒక్కసారి లేచిందంటే ఏడాది కష్టం తడిసిపోతుంది. సీజన్‌లో తెల్లారేసరికి బస్తాలతో నిండిపోయి, వేలంలో ఆ రోజు ధర తేల్చే జెండా పాట కోసం రైతులు చెవులు రిక్కించుకుని నిలబడే ఎనుమాముల మార్కెట్ గేటు ఆ వారాలన్నీ మూసే ఉంది. చివరికి చిన్నాయన కాయ కోల్డ్ స్టోరేజీకి పోయింది. ఆటో కిరాయి, హమాలీ ఖర్చు, స్టోరేజీ అద్దె అన్నీ ఆయన మీదే. నాకు ఆ ఘాటు కూడా తగల్లేదు.

మిర్చి ఏరడానికి మన జిల్లాలకు ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వస్తారని మీకు తెలుసు. ఆ ఏప్రిల్‌లో ములుగు జిల్లా మిర్చి చేలనుంచి బయల్దేరి, అడవిదారిన మూడు రోజులు నడిచి, బీజాపూర్ జిల్లాలోని సొంతూరు ఇంకో పది, పన్నెండు కిలోమీటర్లు ఉందనగా ఒక పాప చనిపోయింది. పన్నెండేళ్లు. మా బడిలో అయితే ఏడో తరగతి. ఈ ఉత్తరంలో ఆ పాప ప్రస్తావన ఎందుకంటే, మన మిర్చి లెక్కలో ఆఖరి మనిషి కౌలు రైతు కూడా కాదని గుర్తుండాలి.

ఇప్పుడు డబ్బుల సంగతికి వస్తాను. ప్రభుత్వాలు అసలేమీ చేయలేదనడం అన్యాయం. తెల్లకార్డుకు ఏప్రిల్‌లో 1500, మే నెలలో 1500 రూపాయలు, మనిషికి 12 కిలోల చొప్పున బియ్యం రాష్ట్రం ఇచ్చింది. చిన్నమ్మ జన్‌ధన్ ఖాతాలో నెలకు 500 చొప్పున మూడు నెలలు కేంద్రం వేసింది. ఆ బియ్యంతోనే ఆ ఇల్లు గడిచింది. కలిపితే నగదు 4500. అదంతా కార్డున్న కుటుంబంగా వచ్చింది, రైతు కుటుంబంగా ఒక్క రూపాయి లేదు.

రైతు పేరుతో వచ్చిన డబ్బు వేరే దారిన పోయింది. కేంద్రం ఏప్రిల్‌లో పీఎం కిసాన్ 2 వేలు వేసింది. నిజానికి అది కొత్త సాయమేమీ కాదు, ఏడాదికి ఇచ్చే 6 వేలలో ఒక విడతను ముందుకు జరిపారంతే. అది భూమి కాగితం ఉన్నవాళ్లకే. నేను సర్కారు ఉద్యోగిని కాబట్టి నాకు వర్తించదు. చిన్నాయనకు భూమి లేదు కాబట్టి ఆయనకూ వర్తించదు. అంటే మా మూడున్నర ఎకరాలు పండించిన ఏడాదికి ఢిల్లీ లెక్కలో అక్కడ రైతే లేడు. మే నెలలో ఆత్మనిర్భర్ పేరుతో 20 లక్షల కోట్లన్నారు. రైతుకు సంబంధించినంత వరకు అందులో ఎక్కువ భాగం అప్పులే. అప్పు కావాలన్నా పాస్‌బుక్ ఉండాలి.

పట్టాదారుకు ఎకరం లెక్కన ఇచ్చిన పెట్టుబడి సాయం, రైతుబంధు, దాన్ని రాష్ట్రం ఆపలేదు. ఖజానాకు రాబడి పడిపోయిన రోజుల్లో, ఆ జూన్‌లో ఎకరానికి 5 వేల చొప్పున వేసింది. మెచ్చుకోవాల్సిందే. ఉద్యోగులకు అడ్డు లేదు, ఆదాయానికి అడ్డు లేదు, పాస్‌బుక్ ఉంటే చాలు. నా ఫోన్ టింగుమన్నప్పుడు నేను మామిడిపండు తింటున్నాను. చేయి కడుక్కుని చూశాను. 17,500.

అప్పుడు నాకు నేను చెప్పుకున్న సమాధానం మీరూ చెప్పుకునే ఉంటారు. మార్చి, ఏప్రిల్, మే జీతాలు సగమే వచ్చాయి, ఇంటి లోన్ ఉంది, పిల్ల ఫీజు ఉంది. నిజమే. కానీ ఆ సగం జీతం తర్వాత వాయిదాల్లో తిరిగి ఇచ్చేశారు. ఇంటి లోన్ కిస్తీలకు రిజర్వ్ బ్యాంకు ఆగస్టు 31 దాకా మారటోరియం ఇచ్చింది. నేను దరఖాస్తు పెట్టుకుని వాడుకున్నాను. కౌలుకు మారటోరియం ఇవ్వాల్సింది రిజర్వ్ బ్యాంకు కాదు, నేను.

ఇవ్వలేదు. అడగనూ లేదు, వదలనూ లేదు. 'చూద్దాం' అన్న మాటను అలాగే వేలాడదీశాను. జులైలో చిన్నాయన 25 వేలు తెచ్చిచ్చాడు. మాస్కు పెట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. నేనూ లోపలికి రమ్మనలేదు, కరోనా భయం. ఆ డబ్బు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడని మరుసటేడు చిన్నమ్మ నోటి నుంచి తెలిసింది. మా ఆవిడతో ఏదో మాట్లాడుతూ అనేసింది, నాతో కాదు.

వడ్ల కథ ఇంకొకటి. ఆ యాసంగి వడ్లను ఊళ్లోనే కొంటామని ప్రభుత్వం అన్నది, కొన్నది. గన్నీ సంచులు దొరక్క, లారీలు రాక చాలాచోట్ల రోజుల తరబడి కుప్పల దగ్గరే పడుకున్నారు గానీ మొత్తానికి మద్దతు ధర దక్కింది. మా ఎకరంన్నరలో తరుగు పోను 36 క్వింటాళ్లు. ఏ గ్రేడుకు క్వింటాలు 1835. లెక్క 66,060. సెంటర్‌లో పాస్‌బుక్ నాది, ఆధార్ నాది, ఖాతా నాది. డబ్బు నా ఖాతాలో పడింది. నాటు వేసింది, కలుపు తీసింది, నీళ్లు పెట్టింది చిన్నాయన. ఆ డబ్బు కోసం నాకు మూడుసార్లు ఫోన్ చేశాడు. "పడ్డయా బిడ్డా?" అని అడగడంలో ఎంత మొహమాటం ఉందంటే, తప్పు చేసినవాడిలా అడిగాడు. తన పంట డబ్బు తను అడగడానికి.

ఆ ఏడాది మొత్తం లెక్క ఇది. రెండు సీజన్ల రైతుబంధు 35 వేలు, కౌలు 50 వేలు, కలిపి 85 వేలు నాకు. చిన్నాయన ఇంటికి 4500, బియ్యం. ఈ లెక్కను బోర్డు మీద వేసి పిల్లల్ని అడిగితే, ఇందులో రైతు ఎవరు సార్ అని నన్నే అడుగుతారు.

ఇంకో వింత కూడా ఉంది. ఆ మే నెలలోనే నియంత్రిత సాగు అన్నారు. వానాకాలం మక్క వేయొద్దు, చెప్పిన పంట వేస్తేనే రైతుబంధు అన్నారు. తర్వాత అందరికీ ఇచ్చారనుకోండి. కానీ ఆ మాట వినాల్సింది ఎవరు? చిన్నాయన. వింటే డబ్బు వచ్చేది ఎవరికి? నాకు. ఆ వానాకాలం నుంచే రాష్ట్రం ఫసల్ బీమా నుంచి బయటికి వచ్చింది. ఆగస్టులో వరంగల్ కాలనీలు మునిగిన వానలు గుర్తున్నాయి కదా. పట్నంలో పడవలు తిరిగిన సంగతి టీవీల్లో చూశాం. చేలల్లో నీళ్లు నిలిచినవాళ్లకు బీమా లేదు, బంధు లేదు.

  

సరే, ప్రభుత్వం కౌలు రైతుకు ఎందుకు ఇవ్వదు? ఎవరు కౌలుదారో తెలియదు, రాస్తే పట్టాదారులు ఊరుకోరు అనే మాట పదేపదే వింటున్నాం. ఆ పట్టాదారులు ఎవరండీ? మనమే. మన పేరు చెప్పి, మన భయం చూపి వాళ్ల పేరు రాయట్లేదు. రైతు స్వరాజ్య వేదిక అనే సంఘం 2022లో సర్వే చేస్తే సాగు చేస్తున్నవాళ్లలో మూడోవంతుకు పైగా కౌలుదారులే తేలారు. అంతమంది కనిపించకుండా పోవడానికి మన మౌనం బాగానే పనికొచ్చింది.

మన భయం ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. మా బాపు ఉన్నన్నాళ్లూ ఒకే మనిషికి వరసగా రెండేళ్లు కౌలుకివ్వలేదు. "38ఈ పడ్తది" అనేవాడు. ఆ అంకె వింటేనే మా ఇంట్లో గొంతులు తగ్గేవి. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం, అందులోని ఆ 38ఈ సెక్షన్, రక్షిత కౌలుదారు, భూమి వాళ్ల పేరు మీదకు మారడం, ఇవన్నీ మన పెద్దలు కళ్లారా చూసినవాళ్లు. ఆ చట్టం ఊరికే రాలేదు, దాని వెనక ఏం జరిగిందో మన ఊళ్ల స్తూపాలే చెప్తాయి. అయినా భయం భయమే. ఊరి భూమి రికార్డు అయిన పహాణీలో పట్టాదారు పక్కనే ఉండే అనుభవదారు (సాగు చేసే మనిషి) కాలమ్ 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్ వచ్చాక కనబడకుండా పోతే, మనలో చాలామంది లోలోపల హమ్మయ్య అనుకున్నారు. నేను అనుకున్నాను.

కానీ 2011లో వచ్చిన కౌలుదారుల చట్టం సంగతి ఆ భయంలో ఎవరూ చదవలేదు. దాని కింద ఇచ్చే రుణ అర్హత కార్డు ఒక్క ఏడాదికే చెల్లుతుంది. దానితో భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే రాసి ఉంది. పంట అప్పుకు, నష్టపరిహారానికి, బీమాకు మాత్రం పనికొస్తుంది. మన దగ్గర ఇప్పుడు ఆ కార్డు ముఖం చూసిన కౌలుదారు అరుదు. అవతల ఒడిశా వాళ్లు కాలియా పథకంలో భూమిలేని సాగుదారులను కూడా చేర్చారు. ఆంధ్రలో 2019 నుంచి ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు ఏడాదికి 13,500 ఇచ్చారు. అక్కడ అందరికీ అందిందని నేను అనను. పట్టాదారు సంతకం అడిగిన చోట సంతకం పెట్టినవాళ్లెందరో మనం ఊహించుకోవచ్చు. కానీ కనీసం కాగితం మీద వాళ్లున్నారు.

ఇక్కడ రైతుబంధు తెచ్చిన కేసీఆర్ ప్రభుత్వం కౌలు రైతులకు ఇచ్చేది లేదని చెప్పింది, ఇవ్వలేదు. ఆ తర్వాత 2022 మే 6న మన హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో, కౌలు రైతులకు కూడా ఎకరానికి 15 వేలని కాంగ్రెస్ వాళ్లు డిక్లరేషన్ చదివారు. ఆ సభకు నేను వెళ్లాను. చప్పట్లు కొట్టినవాళ్లలో ఎక్కువమంది కౌలు రైతులే అనుకుంటా. వాళ్లు గెలిచాక రైతుబంధు స్థానంలో 2025 జనవరి 26న మొదలైన రైతు భరోసా 12 వేలైంది, పాస్‌బుక్ ఉన్నవాళ్లకే పడింది. 2024లో జులై 18 నుంచి ఆగస్టు 15 దాకా మూడు విడతల్లో 2 లక్షల రుణమాఫీ కూడా పాస్‌బుక్ మీదే. మనలో ఎంతమంది పంట అప్పు తీసుకుని ప్లాటు కిస్తీ కట్టామో, అది మాఫీ అయిందో, నేను పేర్లు చెప్పను. నా పేరు మాత్రం రాసుకోండి.

ఒక్కసారి మాత్రం వేరేలా జరిగింది. 2023 మార్చిలో వడగండ్లు పడ్డాయి గుర్తుందా? మక్క నేలకు ఒరిగింది, మిర్చి రాలింది. ముఖ్యమంత్రి కేసీఆర్ దుగ్గొండి మండలం అడవి రంగాపురం వచ్చి చూశారు. ఎకరానికి 10 వేలన్నారు, కౌలు రైతులకు కూడా అందాలన్నారు. కొన్నాళ్లకు మా ఊరి ఏఈఓ, అంటే వ్యవసాయ విస్తరణాధికారి, నాకు ఫోన్ చేశాడు. చిన్న కుర్రాడు, మా బడిలో చదివినవాడే. "సార్, మీ భూమికి ఎవరి పేరు రాయమంటారు?" అన్నాడు. నేను ఒక్క క్షణం ఆగాను. ఆగలేదని అబద్ధం చెప్పను. తర్వాత చిన్నాయన పేరు చెప్పాను. "ఆధార్, బ్యాంకు బుక్కు ఆయన్నే తెమ్మంటాను సార్" అని పెట్టేశాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నా భూమి ఎక్కడికీ పోలేదు. నిన్న పోయి చూసొచ్చాను, అక్కడే ఉంది.

కాబట్టి మీతో నాకున్న పని ఇంతే. దసరాకు ఊరికి వస్తారు కదా. జమ్మి ఆకు చేతిలో పెట్టి, అలయ్ బలయ్ తీసుకుని, మటన్ తిని మర్నాడే కార్లెక్కకండి. ఒక గంట మీ కౌలుదారుతో కూర్చోండి. ఒక తెల్లకాగితం మీద సర్వే నంబరు, విస్తీర్ణం, ఆ ఏడాది పంట, కౌలు ఎంత అన్నది రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఏడాదికే అని రాసుకోండి, మీకూ నిద్ర పడుతుంది. మార్కెట్ మూతపడితే, వరద వస్తే, వడగండ్లు పడితే కౌలు ఎంత తగ్గుతుందో ముందే రాయండి. పంట నష్టానికి ప్రభుత్వం ఏదిచ్చినా సాగు చేసినవాళ్లదే అని ఒక వాక్యం. కౌలుకు చేసే ఆడవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల పేరు వాళ్లదే రాయండి, మొగుడిది కాదు. వడ్ల డబ్బు మీ ఖాతాలో పడితే, అది మీది కాదని పడిన రోజే గుర్తు తెచ్చుకుని పంపేయండి. ఫోన్ చేయించుకోకండి.

ఒక జిరాక్స్ ఏఈఓ చేతికివ్వండి, ఒకటి పంచాయతీ కార్యదర్శికి. కరోనా ఏడాదే రాష్ట్రమంతా రైతులు కూర్చుని మాట్లాడుకునే భవనాలు, 2,601 రైతు వేదికలు కట్టడం మొదలుపెట్టారు. చాలాచోట్ల తాళం వేసి ఉంటాయి, మనం ఈ కాగితాల కోసం ఒకసారి తీయిద్దాం. ఊరికి వంద కాగితాలు ఏఈఓ టేబుల్ మీదకు చేరితే, కౌలుదారులెవరో తెలియదని, పట్టాదారులు ఊరుకోరని ఇంకెవరూ అనలేరు. అప్పుడు ప్రభుత్వానికి రాసే ఉత్తరం మీద సంతకం పెట్టడానికి నాకూ కాస్త ముఖం ఉంటుంది.

రైతుబంధు డబ్బంతా తిరిగి ఇచ్చేయమని నేను అడగట్లేదు. నేనే పూర్తిగా ఇవ్వలేదు. 2021 ఉగాదికి కౌలులో 15 వేలు తగ్గించాను. వడ్డీ లెక్క కడితే అది చాలదు. ఎంత చాలదో నాకు పైసలతో సహా తెలుసు.

మొన్న ఉగాదికి మేమిద్దరం కాగితం రాసుకున్నాం. చిన్నాయన కళ్లద్దాలు తెచ్చుకోవడం మరిచిపోయాడు. నేనే చదివి వినిపించాను. "మార్కెట్ మూతపడితే" అన్న దగ్గర ఆపమన్నాడు.

"మళ్ల చదువు బిడ్డా" అన్నాడు.

మళ్లీ చదివాను. సంతకం పెట్టి, కాగితం నాలుగు మడతలు పెట్టి, నోట్లు పెట్టుకునే ఆ లోపలి జేబులోనే పెట్టుకున్నాడు.

ఇట్లు,
మూడెకరాల ఇరవై గుంటల పట్టాదారు,
హనుమకొండ